చిరునామా లేని గ్రంథాలు

చిరునామా చెరిగిన మూట వస్తే రైల్వేలో మేము రిజిస్టరులో ఎక్కించి, సొంతదారుకై ఎదురు చూస్తాము. మరి హక్కుదారు కానరాని గ్రంథానికి గతి ఏమి?

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. గ్రంథకర్త గతించిన పిదప 50 ఏండ్లు హక్కు వారసులకుండేది. 1992లో 60 చేశారు. అంతకాలానికి వారసుల జాడ తెలిసేదెట్లు? అందుకే 1983లో 31-ఎ సెక్షను చేర్చారు. కర్త జాడ దొరకని అముద్రిత రచనను అచ్చువేయగోరేవారు పత్రికలో ప్రకటించి, కాపీరైటు బోర్డుకు దరఖాస్తు పెట్టి, రాయల్టీ ఖజానాలో జమకట్టి లైసెన్సు పొందే వీలు కల్పించారు. 2012లో అచ్చయిన గ్రంథాలకూ ఈ వెసులుబాటు కలిగింది.

ఊరు విడిచి వచ్చిన మన ఇండ్లలో వ్రాతప్రతులు సులువుగా అనాథలవుతాయి. ఈ ఉగాదినాడే తాతగారి నాటకం నోటుబుక్కుపై కర్త పేరు, ఊరు, వారసుల చిరునామా వ్రాసి ఉంచవలెనని మా మనవి.