పిలిచే అక్షరం, చెప్పే అక్షరం

రేడియోలో పనిచేసేవారికి అక్షరాల అందచందాలతో ఏమి పని అని శ్రోతలు అడుగవచ్చును. మా వ్యవహారమంతా ధ్వనితోనే. అయితే మేము వినిపించే ప్రసంగం ముందుగా కాగితంమీద అక్షరమై కూర్చున్నదే. ఆ అక్షరం స్పష్టంగా లేకపోతే మా గొంతు తడబడుతుంది. కనుక అక్షరాన్ని గురించి మాకు కొంత శ్రద్ధ ఉండటం సహజమే.

ఏ ఇంటికైనా పెళ్లి శుభలేఖలు వస్తూనే ఉంటవి. పైన ‘శుభలేఖ’ అనే మాట వంకులు తిరిగి, సాగి, ఒయ్యారంగా నిలిచి ఉంటుంది. లోపల ముహూర్తం, వేదిక, పెద్దల పేర్లు సాదా అక్షరాలలో ఉంటవి. మొదటిది పిలిచే అక్షరం. రెండవది చెప్పే అక్షరం. పిలిచేదానికి ఒకటి రెండు మాటలతో పని తీరిపోతుంది కనుక అది కొంత విలాసంగా ఉండవచ్చును.

సీసపు అచ్చుల కాలంలో ఈ విలాసం సులభంగా దొరికేది కాదు. గుణింతాలు, ఒత్తులు కలిపి తెలుగుకు వందలాది అచ్చు ముక్కలు కావలెను. ఒక్క రకం అచ్చు సమకూర్చుకొనటమే చిన్న ప్రెస్సుకు భారం. అందుచేత అలంకారాక్షరం కావలసి వచ్చినప్పుడు చిత్రకారుడు చేతితో వ్రాసి ఇచ్చేవాడు, దానిని బ్లాకు చేయించేవారు. సినిమాల పేర్లకు, పుస్తకాల అట్టలకు బాపు వ్రాసిన అక్షరాలను చూడగానే అవి ఆయనవని జనం గుర్తుపట్టేవారు.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ సౌకర్యం అందరికీ దక్కినది. 2013లో అప్పాజీ అంబరీష దర్భ రూపొందించిన ‘రవిప్రకాశ్’ అనే ఫాంటు అటువంటిది. వాడుకలోని పోకడకు భిన్నమైన రూపాలు గల ఈ అక్షరాలు శీర్షికలకు, గోడపత్రికలకు, ఆహ్వానపత్రికలకు ఉద్దేశించినవి. పెద్ద పరిమాణంలోనే ఇవి రాణిస్తవి. ఇందులోని రోమను అక్షరాలు నికోల్ ఫాలీ చేసిన ‘ఓల్డెన్‌బర్గ్’ నుండి గ్రహించినవి. సిలికానాంధ్ర సంస్థ ఈ ఫాంటును అందరూ వాడుకొనటానికీ, మార్చుకొనటానికీ, పంచుకొనటానికీ అనుమతించి విడుదల చేసినది. జగిత్యాలలోనో నిర్మల్‌లోనో చిన్న ప్రెస్సు నడిపేవారు దీనికై ఒక్క రూపాయి చెల్లించనక్కరలేదు.

విలాసానికైనా హద్దు ఒకటి ఉన్నది. ‘వ’కారానికీ ‘ప’కారానికీ భేదం తలకట్టు దగ్గర కొద్దిపాటి ఎడం మాత్రమే. అలంకారపు మోజులో ఆ ఎడం చెదిరితే శుభలేఖలోని వరుడు పరుడై కూర్చుంటాడు! కరీంనగర్ వెండి తీగపనివారిని చూడండి. ముందు దళసరి తీగతో చట్రం కడతారు. ఆ పిమ్మటనే సన్న తీగను మెలిపెట్టి అల్లిక నింపుతారు. చట్రం వంగితే అల్లిక ఎంత సొగసైనదైనా నిలువదు. అక్షరానికి దాని పోలిక చెడని రూపమే చట్రం.

తెలుగుకు ఈ వేడుక ఎందువలన సాధ్యమైనది? నిత్యం చదువుకొనటానికి సాదా అక్షరాలు పుష్కలంగా ఉన్నందువలన. ఆ కలిమి లేని లిపి ఒకటి మన ఆదిలాబాద్ ప్రాంతంలోనే ఉన్నది.

నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో గోండి భాషా వ్రాతప్రతులు ఉన్న సంగతి 2006లో పండితలోకానికి తెలిసినది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్షాన ఆచార్య జయధీర్ తిరుమలరావు వాటిని వెలుగులోకి తెచ్చినారు. వాటిలో కొన్ని సుమారు 1750 నాటివని అంచనా. అప్పటికి ఆ లిపిని చదువగలిగిన పెద్దలు ఊరిలో కొద్దిమందే. ఇందులో పది అచ్చులు, ముప్పది హల్లులు ఉన్నవి. హల్లుల వరుస మన వలె ‘క’తో కాక య, వ, బ అంటూ మొదలవుతుంది. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11వ కూర్పులో ఈ లిపికి 63 సంకేతాలు చోటు చేసుకొన్నవి. గూగుల్ వారి ‘నోటో’ వరుసలో దీనికి సాదా అక్షరాలు కూడా ఏర్పడినవి.

ఇంతమాత్రం చేత లిపి బ్రతికినట్లేనా? గోండిని తెలుగులోనూ దేవనాగరిలోనూ వ్రాసే అలవాటు ఉన్నది. చదవలేనివానికి ఏ లిపి అయినా అలంకారమే. గుంజాల అక్షరాలను ఒక పలకమీద వ్రాసి గోడకు తగిలిస్తే చూచేవారు ముచ్చటపడి వెళ్లిపోతారు. పిల్లలు వాటితో కథలు చదివితేనే, ఇంటి పద్దులు వ్రాసుకొంటేనే అవి అక్షరాలనిపించుకొంటవి. తెలుగులో సాదా అక్షరం తరువాత సింగారం వచ్చినది. గుంజాల అక్షరం పని నేర్వకముందే సింగారంగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది.

సింగారం వద్దని మేము అనము. ఒకనాడు గోండు ఇంటి శుభలేఖమీద వంకులు తిరిగిన గుంజాల అక్షరం కనబడవలెను. దాని క్రింద సాదా అక్షరాలలో ఉన్న ముహూర్తాన్ని ఆ ఇంటి అమ్మాయి తడుముకోకుండా నాయనమ్మకు చదివి వినిపించవలెను.