తెలుగునాట విశ్వవిద్యాలయ ప్రవేశాలు: మెట్రిక్ నుంచి లోకల్ దాకా

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని గుమ్మం మెట్రిక్యులేషన్ పరీక్ష. కోస్తా, సీమ జిల్లాల పిల్లలు ఏ ఊళ్లో చదివినా ఆ పరీక్ష గట్టెక్కితేనే కాలేజీలో చేరగలిగేవారు. విద్యార్థి ఎక్కడివాడన్న ప్రశ్న అప్పటికి లేదు. ఇంగ్లీషు వచ్చా రాదా అన్నదే అసలు వడపోత. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక కూడా ఈ పద్ధతి పెద్దగా మారలేదు.

నిజాం రాజ్యంలో వడపోత భాష వేరు. 1918లో స్థాపించిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగింది, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్లలో పెరిగినవారు ఉర్దూ నేర్చుకుంటే తప్ప అక్కడ డిగ్రీ దక్కేది కాదు. అదే హైదరాబాదులోని నిజాం కాలేజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో నడిచేది. ఒకే నగరంలో రెండు గుమ్మాలన్నమాట.

మద్రాసు రాష్ట్రంలో కులం, మతం ప్రాతిపదికగా సీట్లు పంచిన కమ్యూనల్ జీవో వృత్తి విద్యా కళాశాలలకూ వర్తించింది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టివేసింది. అదే ఏడాది రాజ్యాంగానికి జరిగిన మొదటి సవరణ 15(4) అధికరణను చేర్చింది. ఆ తరవాత విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు పునాది అదే. ఆంధ్రప్రదేశ్‌లో అనంతరామన్ కమిషన్ 1970లో ఇచ్చిన నివేదికతో వెనుకబడిన తరగతులు ఏ, బీ, సీ, డీ గ్రూపులయ్యాయి.

అయితే తెలుగు విద్యార్థిని ఎక్కువగా వెంటాడిన ప్రశ్న ప్రాంతం. ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకున్న 1956 పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణలోని విద్యాసంస్థల సీట్లను అక్కడి విద్యార్థులకు దక్కేలా చూడాలంది. ఆ హామీలు అమలు కాలేదన్న ఆగ్రహం 1969లో తెలంగాణ ఉద్యమమైంది. ఉద్యోగాలను స్థానికులకే కేటాయించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ప్రత్యేకాంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. ఆ రెంటికీ రాజీగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాన్నుంచి 371డి అధికరణ, దాని కింద 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి.

ఈ ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విడదీసింది. నెల్లూరు కోస్తా జిల్లా అయినా సీమ జిల్లాలతో కలిసి మూడోదానిలోకి వెళ్లింది. తరవాత కాకతీయ, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలు పుట్టినా సీట్ల లెక్కకు ఈ మూడు పేర్లే నిలిచాయి. సీట్లలో 85 శాతం స్థానికులవి. మిగిలిన 15 శాతాన్ని జనం నాన్‌లోకల్ కోటా అనేస్తారు గానీ అది పొరపాటు: అవి ఎవరికీ ప్రత్యేకించని సీట్లు, ర్యాంకు ఉన్న స్థానికుడూ వాటికి పోటీపడవచ్చు. రాష్ట్రం మొత్తానికి చెందిన సంస్థల్లో స్థానికుల వాటాను మూడు ప్రాంతాలకు 42:36:22 చొప్పున పంచారు.

ఉత్తర్వులోని అసలు కిటుకు స్థానికత నిర్వచనంలో ఉంది. పుట్టిన ఊరు, తాతల భూములు లెక్కలోకి రావు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే విద్యార్థి అక్కడి లోకల్. ఆ నాలుగేళ్లూ ఒకే ప్రాంతంలో కుదరకపోతే వరుస ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడన్నది చూసేవారు. బడికి వెళ్లని కాలం ఉన్నవారికి నివాసం ఆధారం. ఒంగోలు కుటుంబంలోని పిల్లవాడు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా హైదరాబాదులో చదివితే ఉస్మానియా లోకల్ అయ్యేవాడు. కౌన్సెలింగ్‌లో స్టడీ సర్టిఫికెట్లకు అంత విలువ రావడానికి కారణం ఇదే.

క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో చట్టం వచ్చింది. 1986లో మొదలైన ఎంసెట్ ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయింది, లోకల్ లెక్క మాత్రం మారలేదు. ప్రైవేటు కాలేజీలు పెరిగాక కన్వీనర్, మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాలన్న విభజన వచ్చి చేరింది. వీటన్నిటికీ భిన్నంగా 1982లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్ లేనివారికీ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చోటిచ్చింది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం.

రాష్ట్రం విడిపోయినా పాత ప్రవేశ విధానం పదేళ్లు కొనసాగాలని 2014 పునర్విభజన చట్టం చెప్పింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ జులైలో తెలంగాణ వైద్య కోర్సుల స్థానికత నియమాలను సవరించగా, ఇంటర్ కోసం పొరుగు రాష్ట్రాలకు వెళ్లిన విద్యార్థులు కోర్టుకెక్కారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తెలంగాణ నియమాన్నే సమర్థించింది.