ఊరి జాబితా, వాకిటి పింఛను

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ప్రతి నెలా మొదటి తేదీ కోసం ఎదురుచూసే పెద్దావిడ ఒకరు తప్పక ఉంటారు. ఆమె చేతికి అందే సొమ్మును మనం పింఛను అంటున్నాము. అది ఏ పార్టీ వారు పెంచారు, ఎవరు ఎంత ఇచ్చారు అన్న వాదాలు మీరు చాలా విని ఉంటారు. నేను మరొక ప్రశ్న అడుగుతాను. ఆ సొమ్ము కోసం ఆమె ఎంత దూరం నడవవలసి వచ్చింది? రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి వ్రాసే నేను ఈసారి చరిత్ర జోలికి వెళ్లడానికి కారణం ఆ ప్రశ్నే. నలభై గజాలు నడవలేని మనిషికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న సహాయం, సహాయం కిందికి రాదు. వైద్యునిగా ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకొన్నాను.

మన ప్రాంతంలో అన్నదానానికి లోటు లేదు. సత్రాలు, దేవాలయాలు, దాతలు ఎందరో ఉండేవారు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారి పేరు నేటికీ చెప్పుకొంటాము. మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన ఏడవ రెగ్యులేషన్ సత్రాలు మొదలైన ధర్మాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. అయితే సత్రం ప్రధానంగా బాటసారి కోసం కట్టినది. గుమ్మం దాకా రాగలిగినవానికే అక్కడ విస్తరి. కదలలేక తన గుడిసెలోనే పడి ఉన్నవానికి బంధువులే దిక్కు. బంధువులు లేకపోతే ఇరుగుపొరుగు. వారికీ తినడానికి లేని ఏడు వస్తే ఎవరూ లేరు.

అటువంటి ఏడు 1876లో వచ్చింది. రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనేది దీనినే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ప్రభుత్వం తెరిచిన సహాయం ముఖ్యంగా పనుల రూపంలో ఉండేది. చెరువు తవ్వాలి, రాళ్లు కొట్టాలి, కూలి తీసుకోవాలి. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని ఖర్చు తగ్గించే ఉద్దేశంతో ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి మోసే మగవానికి అది! మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించాడు. శ్రమ చేసే దేహానికి ఆ ధాన్యం చాలదని, పప్పు వంటి మాంసకృత్తులు లేకపోతే మనుషులు క్షీణించిపోతారని వాదించాడు. కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చి, ధాన్యాన్ని పౌనుంబావుకు పెంచి, కాస్త పప్పు చేర్చింది. కార్నిష్ అడిగినంత ఇవ్వలేదు. మా వృత్తిలో అటువంటి పూర్వికుడు ఒకడున్నాడని తలచుకొన్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

పనికి రాగలిగినవారి మాట అది. గుడ్డివారు, కుంటివారు, ముదుసళ్లు చెరువు ఎలా తవ్వుతారు? వారికి ఊళ్లోనే ఉచిత సహాయం ఇవ్వవలసి వచ్చింది. ఆ కరువు తరువాత నియమితమైన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883లో కరువు నియమావళి రూపొందింది. పని చేయలేని నిరాధారులను ఊరివారీగా గుర్తించి జాబితా వ్రాయాలని, వారికి ఊళ్లోనే సహాయం అందించాలని అందులో ఒక పద్ధతి ఏర్పడింది. మీరు గమనించవలసినది ఇక్కడ ఉంది. వైకల్యాన్ని, వార్ధక్యాన్ని చూసి ఊరి జాబితాలో పేరు ఎక్కించడం, సహాయం మనిషి ఉన్న చోటికి పోవడం అనే రెండు పద్ధతులూ ప్రభుత్వ కాగితాలలో అప్పటికే ఉన్నాయి. కానీ కరువు తీరగానే జాబితా చింపివేసేవారు. ముసలితనం మాత్రం కరువుతో పాటు తీరిపోదు కదా!

జాబితా వ్రాసే కలం ఊరి అధికారుల చేతిలో ఉండేది. ఎవరికి ఎవరూ లేరో, ఎవరి కొడుకు ఎక్కడికి వలస పోయాడో కరణానికి, మునసబుకు తెలిసినట్లు కలెక్టరుకు తెలియదు. దగ్గరివాని లాభం అది. కరణానికి గిట్టనివాని పేరు జాబితాలో ఉంటుందా అన్నది ఆ లాభంతోనే వచ్చే నష్టం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉద్యోగాలే రద్దయ్యాయి. చిక్కు మాత్రం పోలేదు. తరువాత వచ్చిన ప్రతి కమిటీకీ, ప్రతి సర్పంచుకూ అది వారసత్వంగా సంక్రమించింది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం ఈ బాధ్యతను రెండు చోట్ల వ్రాసుకొంది. వార్ధక్యంలో, అనారోగ్యంలో, వైకల్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కుకు తన శక్తి మేరకు ఏర్పాటు చేయాలని 41వ అధికరణం రాజ్యానికి చెబుతుంది. అది ఆదేశిక సూత్రం. కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోలేము. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో తొమ్మిదవ అంశం అంగవైకల్యం గలవారికి, పని చేయలేనివారికి సహాయం. అంటే బరువు రాష్ట్రాలదే. 1957లో ఉత్తరప్రదేశ్, 1960లో కేరళ, ఆంధ్రప్రదేశ్ వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టాయి. కేంద్రం చేయి వేయడానికి 1995 ఆగస్టు 15 దాకా ఆగవలసి వచ్చింది. ఆనాడు ఇచ్చినది 65 ఏళ్లు నిండిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు.

ఈలోగా 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలలో 26వది సాంఘిక సంక్షేమం. వికలాంగుల సంక్షేమం అందులో స్పష్టంగా పేర్కొన్నారు. పట్టణాలకు సంబంధించిన 12వ షెడ్యూలులో కూడా తొమ్మిదవ అంశంగా అదే ఉంది. కాగితం మీద పంచాయతీకి అధికారం వచ్చింది, నిధి రాలేదు. పింఛను జాబితాకు పేర్లు సూచించడం మాత్రం దాని వంతయింది. నియమావళి నాటి కరణం పనే, పేరు మారి!

ఇక మా వైద్యుల వంతు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం, వైద్యాధికారి ధ్రువీకరించిన 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారినే లెక్కలోకి తీసుకొంది. అప్పటినుంచి ఊరి కలానికి తోడు మా కలం కూడా గుమ్మానికి అడ్డంగా నిలిచింది. 38 శాతం వ్రాస్తే ఏమీ లేదు, 40 వ్రాస్తే పింఛను. కేంద్రం 2009లో ఆరంభించిన వికలాంగ పింఛనుకు గీటు మరీ ఎత్తు, 80 శాతం. మనిషి మనిషికీ మారే ఈ అంచనాలను సరిచేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో సదరం అనే కంప్యూటరు పద్ధతి వచ్చింది. చేతి వ్రాత ధ్రువపత్రాల కన్నా అది మెరుగే, సందేహం లేదు. కానీ దాని కోసం రోగి శిబిరానికి రావాలి.

అటువంటి ఒక శిబిరం నాకు ఇంకా గుర్తుంది. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన తండ్రిని ఒక యువకుడు ఆటోలో తెచ్చాడు. ఆరోజు రావలసిన నిపుణుడు రాలేదు. వచ్చే నెల రమ్మని చీటీ వ్రాసి ఇచ్చినవాడిని నేనే. అప్పటికి పింఛను 200 రూపాయలు. ఆటో కిరాయి ఎంతయిందని మాటవరుసకు అడిగాను. అంతకన్నా ఎక్కువే చెప్పాడు. ఆ పెద్దాయన మాత్రం ఎడమ చేయి ఎత్తి నాకు నమస్కారం పెట్టాడు. వారు మరుసటి నెల రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు.

సొమ్ము చెల్లింపులో కూడా దూరం ఉంది. మనియార్డరు నాటి నుంచి స్మార్ట్ కార్డుకు, వ్రేలిముద్రకు వచ్చాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 157 మండలాలలో ముగ్గురు ఆర్థికవేత్తలు జరిపిన పెద్ద పరిశీలనలో స్మార్ట్ కార్డుల వల్ల దారి మళ్లింపు తగ్గిందని, ఉపాధి కూలి తీసుకోవడానికి పట్టే సమయం కూడా తగ్గిందని తేలింది. దీనిని కాదనడం తగదు. అయితే వయసు పైబడిన చర్మం గురించి మీకు ఒక మాట చెప్పాలి. వార్ధక్యంలో చర్మం పొడిబారి, బిగువు తగ్గి, వ్రేలి గీతలు అణగిపోతాయి. జీవితమంతా సున్నం, సిమెంటు కలిపినవారిలో అవి ముందే అరిగిపోతాయి. క్యాన్సరుకు వాడే కేపెసిటబిన్ మాత్రలు కూడా కొందరిలో వ్రేలిముద్రలను చెరిపివేస్తాయి. యంత్రం ఒప్పుకోకపోతే ఆ ముసలావిడ దొంగ కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే చేతులు కడిగి, కాస్త నూనె రాసి, తుడిచి మళ్లీ ప్రయత్నించమనండి. కుదరకపోతే కనుపాప ద్వారా గుర్తించమని అడగండి.

ఇంత చరిత్ర తరువాత 2020 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో పింఛను వాకిటికి వచ్చింది. గ్రామ, వార్డు సచివాలయాల వాలంటీర్లు తెల్లవారకముందే తలుపు తట్టారు. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వాలంటీర్లను ఆ పని నుంచి తప్పించింది. ఏప్రిల్ ఎండలో వృద్ధులు సచివాలయాల ముందు వరుసలు కట్టారు. ఆ నెలలో అలవాటైన దూరం ఒక్కసారిగా మళ్లీ పెరగడం అంటే ఏమిటో రాష్ట్రమంతా చూసింది. ఆ జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇంటికే తెస్తున్నారు. వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచం పట్టినవారికి 15,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా పేరిట 2014లో వెయ్యిగా మొదలైన వృద్ధుల పింఛను 2019లో 2,016 అయింది; పల్లెల్లో ఎక్కువగా తపాలా కార్యాలయాల ద్వారా అందుతోంది. కేంద్రం వాటా మాత్రం 60 నుంచి 79 ఏళ్ల వారికి 200 రూపాయల వద్దనే ఆగిపోయింది.

మంచం పట్టినవారికి 15,000 అనగానే నాలోని వైద్యుడు మరొక లెక్క వేస్తాడు. ఆ సొమ్ము వచ్చిన ఇంట్లో పుండు కడిగేవారెవరు? పక్క మార్చేవారు, మూత్రపు గొట్టం మార్చేవారు ఎవరు? కేరళ ఈ దారిలో ముందు నడిచింది. 1993లో కోళికోడ్‌లో కొందరు వైద్యులు, మిత్రులు మొదలుపెట్టిన ఉపశమన చికిత్స, మలప్పురంలో ఇరుగుపొరుగుల పనిగా విస్తరించింది. 2008లో ఆ రాష్ట్రం దేశంలోనే మొదటిసారి ఉపశమన చికిత్సకు ఒక విధానం ప్రకటించింది. ఇంటింటికీ తిరిగే నర్సు జీతం, వాహనం, మందుల ఖర్చు పంచాయతీ తన పద్దులో వ్రాసుకొంటుంది. అక్కడ పంచాయతీకి అధికారంతో పాటు డబ్బు కూడా ఇచ్చారు. తేడా అంతా అక్కడే ఉంది.

మన దగ్గర అటువంటిది బొత్తిగా లేదనను. తెలంగాణ జిల్లాల్లో ఉపశమన చికిత్సా కేంద్రాలు, ఇంటికి వెళ్లే వాహనాలు ఉన్నాయి. ఆంధ్రలో 2023లో ఆరంభించిన కుటుంబ వైద్యుని పద్ధతిలో వైద్యుడు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, కదలలేని రోగులను ఇంట్లో చూడాలి. మీ ఊళ్లో ఆ రాక ఏ రోజో సచివాలయంలో అడిగి తెలుసుకోండి. మరొకటి. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచింది. పార్కిన్సన్స్ వ్యాధి అందులో ఉంది. ముసలితనపు వణుకే కదా అని ఊరకుండక, వైద్యునికి చూపించి, ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టించండి. డిమెన్షియా పేరు మాత్రం ఆ 21లో విడిగా లేదు. కన్నకొడుకును గుర్తుపట్టలేని తల్లికి శాతం ఎంత వేయాలో ఆ పట్టిక సూటిగా చెప్పదు. ఆ ప్రశ్నతో నా వద్దకు వచ్చిన కుటుంబాలకు, మానసిక వైద్యునితో పరీక్ష చేయించి బోర్డు ముందుకు వెళ్లమని చెబుతూ వచ్చాను. కొందరికి ధ్రువపత్రం వచ్చింది, కొందరికి రాలేదు.