ఓడ చిత్రములు, పానకపు బిందె

ఇటీవల పెద్ద పట్టణములయందు ఒక క్రొత్త వేడుక వ్యాపించుచున్నది. సముద్రయానమునకు సంబంధించిన చలనచిత్రములను రాత్రి కొకటి చొప్పున ప్రదర్శించుటయు, ఆ చిత్రమునకు జోడుగా ఒక కలగలుపు మద్యమును గాజుపాత్రలలో పోసి అతిథులకు అందించుటయు ఆ వేడుక యొక్క స్వరూపము. ఓడదొంగల కథ యైనచో రమ్ము కలిపినది, ధనికుల విహారనౌక యైనచో ద్రాక్షసారా కలిపినది. ఇట్టి మిశ్రమమునకు ఆంగ్లమున కాక్‌టెయిల్ అని పేరు. బెంగళూరులోను హైదరాబాదులోను ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు పండుగకు ఇండ్లకు వచ్చినప్పుడు ఈ ముచ్చటలు చెప్పి, మన సంఘపు వార్షికోత్సవమున ఇట్టిది ఏల జరుపరాదని అడుగుచున్నారు. పెద్దలలో కొందరు చెవులు మూసికొనిరి. మేము చెవులు మూసికొనక, దీనికి మూలమేమియో వెదకి చూచితిమి. వెదకగా ఒక వింత కనబడినది. ఓడవాండ్ర మిశ్రమ పానీయపు పేరు ఆంగ్లేయుల వ్రాతలలో మొట్టమొదట కానవచ్చునది తెలుగు తీరమునకు వచ్చిన ఒక ఉత్తరములోనే!

ఆ ఉత్తరమును విప్పుటకు ముందు మన స్థితిని కొంచెము చెప్పుకొనవలెను. చోరనూరు సముద్రమునకు చాల దూరమైన ఊరు. సండూరు తాలూకాలోని ఈ ఊరినుండి తూర్పునకు పోయినను, పడమరకు పోయినను, ఉప్పునీరు కంట బడవలెనన్న వందల కిలోమీటర్లు నడువవలసినదే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, తక్కిన బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ గీతకు ఇవతల నిలిచినవారము మనము. అప్పటినుండి తెలుగువారి సముద్రము ఒక రాష్ట్రమునను, మన రేషను కార్డు మరియొక రాష్ట్రమునను ఉన్నవి. తుంగభద్ర కాలువలు పారిన పిమ్మట కృష్ణా, గోదావరి ప్రాంతములనుండి భూములు కొని జిల్లాకు వచ్చి, క్యాంపులు కట్టుకొన్న కుటుంబములకు తీరపు జ్ఞాపకములు కలవు. తరతరములుగా ఇచ్చటనే యున్న మావంటివారికి అవియును లేవు. మాకు సముద్రమైనను, గోదావరియైనను తెరమీద కనబడినదే.

మా బాల్యమున ఈ ప్రాంతపు పల్లెలకు సినిమా డేరాలలో వచ్చెడిది. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున వెలువడిన ‘మూగమనసులు’ చిత్రమును మేము ఆ విధముగనే, కొన్ని ఏండ్లు ఆలస్యముగ చూచితిమి. అక్కినేని నాగేశ్వరరావుగారు పడవవాడు. సావిత్రి, జమున నాయికలు. అంత నీటిని ఒక్కచోట చూచుట మా కదియే ప్రథమము. ఫిలిము ఎన్నో ఊళ్ళు తిరిగి అరిగిపోయి యుండుటచే, గోదావరిమీద నిజముగ వాన కురియుచున్నదో, రీలుమీద గీతలు పడినవో తెలియకుండెను. విరామమున గోలీసోడా కుఱ్ఱవాడు గోలీని ‘కీచు’మని లోపలికి నొక్కుచు వరుసల నడుమ తిరిగెడివాడు. ఆ సీసాకు 1872లో పేటెంటు పొందినవాడు హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు. మన పిల్లలు క్రొత్తగ కనిపెట్టితిమనుకొను ‘చిత్రమునకు జోడు పానీయము’ మాకు ఆనాడే యుండెను. అణాలలోనో పైసలలోనో దొరకెడిది. ఎవరి తలయు తిరిగెడిది కాదు.

మెట్టప్రాంతపువారికి ఓడల గొడవ యేల యని కొందరు అడుగవచ్చును. హంపి మనకు ఎంత దూరము? విజయనగర సైన్యమునకు కావలసిన మేలుజాతి గుర్రములు హొర్ముజునుండి ఓడలమీదనే వచ్చెడివి. 1535 ప్రాంతమున విజయనగర వృత్తాంతము వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజ్ ఒక విచిత్రము చెప్పినాడు. సాళువ నరసింహరాయలు గుర్రములను బ్రతికినవైనను చచ్చినవైనను వేయి పర్దావులకు మూడు చొప్పున కొనెడివాడట. సముద్రముమీద చచ్చిన గుర్రమునకు తోకను మాత్రము తెచ్చి చూపినను, బ్రతికిన గుర్రమునకువలెనే సొమ్ము ముట్టజెప్పెడివాడట. జీవితమంతయు బిల్లులు సరిచూచుటలో గడపిన మాకు ఈ వాక్యము చదివినప్పుడు తోకల నెంచి పద్దు వ్రాసిన ఆ రాయసగాడే కన్నులకు కట్టినాడు. ఓడప్రయాణ మెంత కఠినమో తెలిసిన రాజు గనుకనే అట్టి బేరమునకు ఒప్పుకొనెను. మన కొండలనుండి ఇనుపరాయి రైలెక్కి రేవులకు పోవుట నేటి సంగతి. రేవులనుండి గుర్రములు మన దిక్కునకు వచ్చుట నాటి సంగతి.

ఇక తూర్పుతీరము. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డున బడిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతముగ తీసికొనెడివారనియు, తాను సుంకము తప్ప తక్కినదంతయు యజమానులకే విడుచుచున్నాననియు అందు చెప్పెను. ఆ శాసనమున సుంకము కట్టవలసిన సరకులలో కర్పూరము, పన్నీరు, మిరియములు కలవు. ఈ మూటిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల వీనితో పని యున్నది.

ఆ తీరముననే, మోటుపల్లికి ఉత్తరముగ, నేటి బాపట్ల జిల్లాలో నిజాంపట్టణము కలదు. విదేశీయులు దీనిని పెటపోలి యని వ్రాసెడివారు. 1611లో ఆంగ్లేయ కంపెనీవారి ‘గ్లోబ్’ అను ఓడ మచిలీపట్టణము చేరుటకు ముందు ఇచ్చట ఆగెను. కంపెనీవారు ఇచ్చట ఒక వర్తకశాల నడిపిరి. 1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అను కంపెనీ మనిషి, పెటపోలిలోనున్న థామస్ కాలీ అను వర్తకునకు ఒక ఉత్తరము వ్రాసెను. గుమాస్తాలకు ఉత్తరము చేతికి వచ్చినప్పుడు ముందుగ తేదీని, చిరునామాను చూచుట అలవాటు. ఈ ఉత్తరములో ముఖ్యమైనవియు అవియే. విషయము అతిసామాన్యము. నీకు మంచి తోడు దొరకినందులకు సంతోషము, మీ రిరువురును కలసి ఇల్లు చక్కగ నడుపుకొని, పరిమితి లెక్కలు లేకుండ ‘పంచ్’ త్రాగుదురని ఆశించుచున్నాను – అని దాని సారాంశము. ఆంగ్లభాషలో ‘పంచ్’ అను పానీయపు పేరునకు ఇప్పటివరకు దొరకిన అన్నిటికంటె పాత ఆధారము ఈ వాక్యమే. కాక్‌టెయిల్ అను మాటకు అచ్చులో నిర్వచనము 1806లో గాని, అదియును అమెరికాలో గాని, వెలువడలేదు. అనగా నేటి కాక్‌టెయిల్ కంటె నూటడెబ్బది యేండ్లకు పైగా పెద్దదైన ఈ పానీయమును గూర్చిన తొలి వార్త మన తీరపు పల్లెకు వచ్చిన టపాలో నున్నది.

‘పంచ్’ అన నేమి? 1673లో మచిలీపట్టణము చూచిన జాన్ ఫ్రయర్ అను కంపెనీ వైద్యుడు 1698లో అచ్చయిన తన గ్రంథమున, హిందుస్థానీలో ఐదు అను మాటయే దీనికి పేరయ్యెననియు, ఐదు వస్తువులచే చేయబడుటయే కారణమనియు వ్రాసెను. సారా, నీరు, నిమ్మరసము, చక్కెర, సుగంధద్రవ్యము – ఇవి సాధారణముగ చెప్పబడు ఐదు. పెద్ద పీపాకు ఆంగ్లమున గల ‘పంచన్’ అను పేరే కుదించబడినదని వాదించువారును కలరు. ఆ వాదమును పండితులకు విడిచిపెట్టుదము. అదే వైద్యుడు ఈ పానీయము ఒడలిలోని సత్తువను తీసివేయునదని కూడ వ్రాసెను; ఈ మాటను మన పిల్లలకు ఎవరును చెప్పినట్లు లేదు.

ఆ ఐదింటిని మరియొకమారు చూడవలసినదిగా ప్రార్థన. సారాను తొలగించినచో మిగులునది ఏమి? నీరు, తీపి, పులుపు, పరిమళము. మన గృహిణులు శ్రీరామనవమినాడు బిందెలో కలుపునది బెల్లము, నీరు, మిరియము, ఏలకులు, శొంఠి. కొందరు నిమ్మరసమును, చిటికెడు పచ్చకర్పూరమును చేర్తురు. మోటుపల్లి రేవులో సుంకము కట్టిన మిరియమును, కర్పూరమును ఈ బిందెలోనే చేరుచున్నవి; పన్నీరు పెండ్లిపందిట మిగిలినది. పంచ్ మన పానకమునుండియే పుట్టినదని మేము శాసనము వేయుటలేదు. అట్టి కాగితమేదియు మా కంట బడలేదు. కాని ఎండదేశమున దాహమునకు బెల్లపునీళ్ళు కలుపుకొను జనుల నడుమ నివసించిన పరదేశులు ఆ ధోరణినే పట్టుకొని అందులో సారా పోసిరని మా అభిప్రాయము. మంగళగిరిలో పానకాల నరసింహస్వామి పోసిన పానకములో సగమే స్వీకరించి సగము భక్తునకే విడుచునని ప్రసిద్ధి. కంపెనీ వర్తకులు విడిచివేసిన పరిమితి ఆ కొండమీద ఇప్పటికిని పాటింపబడుచున్నది.

ఓడవాండ్రు మద్యమును ఏల ఆశ్రయించిరో కూడ న్యాయముగ చెప్పవలెను. నెలల తరబడి సాగు ప్రయాణములలో పీపాలలోని మంచినీరు పాచిపట్టెడిది, బీరు పులిసిపోయెడిది. చెడిపోనిది సారాయే. దానివలన నావికులు త్రాగి పడిపోవుచుండగా, 1740లో ఆంగ్ల నౌకాదళాధిపతి వెర్నన్ రమ్మును నీటితో పలుచన చేసి రెండు పూటలుగ పంచవలెనని ఆజ్ఞ ఇచ్చెను. ‘గ్రాగ్’ అను పేరు అతడు తొడుగుకొను ముతకబట్ట అంగీనుండి వచ్చినదే. అనగా నావికుల మిశ్రమపానీయము మత్తు పెంచుటకు గాక తగ్గించుటకు పుట్టినది! నిమ్మరసము చిగుళ్ళు కుళ్ళు స్కర్వీ వ్యాధికి మందు. జేమ్స్ లిండ్ 1747లో పరీక్షించి చూపినను, దానిని నౌకాదళమంతట క్రమముగ ఇచ్చుట 1795లో గాని మొదలు కాలేదు. ఫైళ్ళు కదలుటకు అర్ధశతాబ్దము పట్టుట మన దేశపు కార్యాలయములకే చెల్లినది కాదని తెలిసి మాకు కొంత ఊరట కలిగినది. ఆ నౌకాదళపు రమ్ము పంపకము 1970 జూలై 31తో ముగిసినది.

ఓడ చిత్రములలో తలమానికముగ చెప్పబడు ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ 1935లోను, మరల 1962లోను వచ్చినది. దీనికి జోడుగా పొడవైన గ్లాసులో రమ్ము పోయుట ఆచారమట. 1789 ఏప్రిలులో తిరుగుబాటుదారులు బ్లై అను కెప్టెనును పదునెనిమిదిమంది అనుచరులతో ఒక తెప్పవంటి చిన్న పడవలోనికి దింపివేసిరి. వారు మూడువేల ఆరువందల నాటికల్ మైళ్ళు ప్రయాణించి తిమోరు దీవిని చేరిరి. ఆ పడవలో బ్లై తనవారికి రమ్మును పంచిన కొలత చెంచాడు. వానకు తడిసి వణకుచున్నవారికి ప్రాణము నిలుపుటకు. కథకు నిజముగ జోడు కలుపదలచినచో అతిథి కొక చెంచాడు పోసి పంపవలెను. అట్లు చేసినచో మరుసటి రాత్రి ఎవరును రారు!

తెలుగున వచ్చిన సముద్ర చిత్రములలో 2017 నాటి ‘ఘాజీ’ జలాంతర్గామి కథ. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి విశాఖపట్టణము చెంత మునిగిన పాకిస్తాను జలాంతర్గామిలో తొంబదిమందికి పైగా నావికులు మడిసిరి. వారు శత్రువులే యైనను, ఇప్పటికిని ఆ ఇనుపడొక్క సముద్రగర్భమున నున్నది. దానిని చూచుచు గ్లాసులు తాకించుకొనుట మాకు తోచదు. 2025లో వచ్చిన ‘తండేల్’ శ్రీకాకుళపు మత్స్యకారుల కథ. బ్రతుకుతెరువు కొరకు గుజరాతు పోయి, అచ్చటి పడవలమీద వేటాడుచు 2018లో పాకిస్తానువారికి చిక్కిన వారు 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరలేదు. పరరాష్ట్రమున బ్రతుకు వెదకికొన్న తెలుగువారి కథ గనుక ఇది మనకు మరింత దగ్గర.

పిల్లలు మమ్ము ఛాందసులనుకొనకుండుటకు ఒక్కమాట. మేము పనిచేసిన రోజులలో జీతపు దినమున గేటువద్ద ఆడవారు పసిపిల్లల నెత్తుకొని నిలువబడెడివారు. సారాదుకాణము భర్తకు ఎదురుపడకముందే తాము ఎదురుపడవలెనని వారి తాపత్రయము. మేము లోపల సంతకములు పెట్టించుకొని నోట్లు లెక్కించి ఇచ్చుచు ఆ ముఖములను కిటికీలోనుండి చూచెడివారము. ఏ తీరమునకు పంచ్ వార్త టపాలో వచ్చెనో, ఆ తీరమునకే దక్షిణమున నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991-92లో స్త్రీలు, వయోజన విద్యా తరగతులలో అక్షరములు నేర్చుకొన్నవారు, రోశమ్మగారు మొదలైనవారి పూనికతో సారాదుకాణమును మూయించిరి. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశములో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అది 1997లో సడలింపబడెను. కర్ణాటకమున సారా అమ్మకము 2007 జూలై 1నుండి ఆగినది. ఇతర మద్యములు ఆగలేదు. గేటువద్ద నిలిచిన ఆ తల్లుల కుమార్తెలును, కోడండ్రును నేడు మన సంఘ సభ్యురాండ్రు. వారు ముందు వరుసలో కూర్చుండు సభలో గ్లాసులు పంచుట ఎట్లు?

చిత్రరాత్రులు వలదని మాత్రము మేము అనము. ఊరిలో తెలుగు అక్షరము నేర్వని మనుమలు తెలుగు మాట వినుటకు ఇప్పటికిని సినిమాయే దారి. మూడు రాత్రులు పెట్టుదము. మొదటి రాత్రి ‘మూగమనసులు’. దానికి గోలీసోడా, దొరకనిచో నన్నారి షర్బతు నిమ్మకాయ పిండి. రెండవ రాత్రి 1973లో బాపుగారు తీసిన ‘అందాల రాముడు’; గోదావరిమీద లాంచీలో భద్రాద్రికి పోవు కథ గనుక దానికి పానకము తప్ప వేరు జోడు లేదు. మూడవ రాత్రి ‘తండేల్’. దానికి చల్లని మంచినీరు చాలును. బిందెలు దేవాలయమువారు ఇత్తురు. బెల్లము, మిరియములు మేము తెచ్చెదము. ఏలకులు మాత్రము ఈ యేడు ప్రియముగ నున్నవి గనుక, క్యాంపులవారెవరైన పూనుకొనవలెను.