ఒక పాత హెరాల్డు కోసం

నా బాల్యం సున్నిపెంటలో గడిచింది. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కోసం నల్లమల అడవి నడుమ వెలసిన కాలనీ అది. కాగితాల మీద దాని పేరు రైట్ ఫ్లాంక్ కాలనీ. మా నాన్నగారు ప్రాజెక్టులో చిన్న ఉద్యోగి. కాలనీలో లారీలూ, డంపర్లూ, జీపులూ లెక్కలేనన్ని తిరిగేవి గానీ, సొంత కారు అనదగినది మా వీధిన ఒక్కటే ఉండేది. అది ఒక ఇంజనీరుగారి లేత నీలం రంగు స్టాండర్డ్ హెరాల్డు, రెండు తలుపులది. ఆయన ఆదివారం ఉదయం దాని బానెట్టు ఎత్తినప్పుడు పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. మడ్‌గార్డులూ దీపాలతో సహా ముందుభాగమంతా ఒక్కటిగా ముందుకు ఒరిగి, మొసలి నోరు తెరచినట్టుండేది. లోపల ఇంజనూ, ముందు చక్రాలూ నేల దాకా కనిపించేవి. చక్రం మీద కూర్చుని పని చేసుకోవడానికి వీలైన కారు మరొకటి నేను చూడలేదు.

ఉద్యోగ విరమణ దగ్గరపడిన తరువాత అలాంటి బండి ఒకటి కొనుక్కోవాలనే కోరిక పుట్టింది. డబ్బు కూడబెట్టుకుంటే చాలుననుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న పాత కారు దొరకడం ఎంత కష్టమో, ఆ కష్టం వెనుక ఎంత చరిత్ర ఉన్నదో అప్పటికి నాకు తెలియదు. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

హెరాల్డు స్పోర్ట్స్ కారు కాదు. కానీ స్పోర్ట్స్ కారుకు తోడబుట్టినది. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో 1959లో విడుదలైన ఈ బండికి ఆకృతి దిద్దినవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్నీ మికెలొత్తి. ఆ కాలానికి తక్కిన కంపెనీలు చాసిస్సూ బాడీ కలిసిపోయిన ఏకఖండ నిర్మాణానికి మళ్ళుతున్నాయి. అలాంటి బాడీలు చేసి ఇచ్చే సంస్థ పోటీదారుల చేతిలోకి వెళ్ళిపోవడంతో, ట్రయంఫ్ వాళ్ళు పాత పద్ధతిలోనే విడి చాసిస్ ఒకటి చేసి, దానిమీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ఆ చాసిస్‌నే కుదించి, అదే మికెలొత్తి చేత రెండు సీట్ల బాడీ గీయించి, 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. అది 1980 దాకా తయారయింది. మన దేశంలో స్పిట్‌ఫైర్ తయారు కాలేదు. మద్రాసు శివార్లలోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961లో హెరాల్డును మాత్రం మొదలుపెట్టింది. మా ప్రాంతంలో స్పోర్ట్స్ కారుకు మేము చూడగలిగిన దగ్గరి చుట్టం అదే.

అసలైన స్పోర్ట్స్ కార్లు మనకు ఎందుకు అంత అరుదు? స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకే, 1949లో, పూర్తిగా తయారైన కార్ల దిగుమతికి ప్రభుత్వం తలుపు మూసింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మీద, ఇక్కడ తయారుచేసే ప్రణాళిక లేకుండా కేవలం విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలు తప్పుకోవలసి వచ్చింది. చివరికి కార్ల రంగంలో మిగిలినవి ప్రధానంగా మూడు: కలకత్తా హిందుస్థాన్, బొంబాయి ప్రీమియర్, మద్రాసు స్టాండర్డ్. 1959 నుండి కార్ల అమ్మకమూ పంపిణీ కూడా ప్రభుత్వ ఉత్తర్వుకు లోబడ్డాయి. 1969లో ధరలను కూడా చట్టరీత్యా కట్టడి చేశారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫియట్ కోసం పేరు రాయించుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులవి. అవసరానికే కారు దొరకని దేశంలో సరదాకు కారు ఎవరు చేస్తారు? 1949కి ముందు వచ్చిన ఎం.జి. వంటి విదేశీ బండ్లు మాత్రం జమీందార్ల ఇళ్ళలోనూ, దొరల చేతులు మారి ప్లీడర్ల ఇళ్ళలోనూ కొద్దిగా మిగిలాయి. వాటి బాడీకి లోపల కలప చట్రం ఉండేది. చెదలకూ వానకూ అది ఎంతకాలం ఆగుతుందో మనకు తెలిసినదే. ఆ మిగిలినవి కూడా విదేశీ సేకర్తల పాలవుతున్నాయని 1972లో పాతకాలపు కార్ల ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది.

చెక్కుచెదరని పాత కారు చూడాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళాలి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉంది. అది పూర్తయ్యేనాటికి ఆయన లేడు. 1911లోనే కన్నుమూశాడు. తరువాత ఏడవ నిజాం దాన్ని ఉత్సవాలకు తప్ప బయటికి తీయలేదు. అసలు రూపం అంతగా నిలిచిందంటే కారణం ఒక్కటే, అది తిరగలేదు. ఈ మాట గుర్తుంచుకోవలసినది.

నా వెదుకులాటలో మొదటి బండి నంద్యాలలో దొరికింది. ఒక రైస్ మిల్లు ఆవరణలో ఉన్న హెరాల్డు. తాళం తిప్పగానే అంటుకుంది. బానెట్టు ఎత్తి చూస్తే లోపల ఉన్నది ఫియట్ ఇంజను. దాన్ని ఇమడ్చడానికి ముందు అడ్డకమ్మీని కోశారు. జేబులో తీసుకెళ్ళిన అయస్కాంతాన్ని తలుపు క్రింది అంచున ఆనించాను. అంటుకోలేదు. రేకు ఉండవలసిన చోట పుట్టీ, దానిమీద నిగనిగలాడే రంగు. పాత కారు కొనేవాళ్ళు రంగు చూసి మోసపోకూడదని అక్కడ నేర్చుకున్నాను.

రెండవది ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లెలో, చింతచెట్టు క్రింద ఇటుకల మీద నిలబెట్టి ఉంది. ఇంజను పుట్టుకతో వచ్చిన 948 సి.సి.ది. గడియారాలు, స్టీరింగు, సీటు తోలు, అద్దాల చుట్టూ రబ్బరు కూడా కంపెనీవే. నా గుండె వేగంగా కొట్టుకుంది. కానీ రెండు తలుపుల సందులు చూస్తే పైన సన్నంగా, క్రింద వెడల్పుగా ఉన్నాయి. వంగి క్రిందికి చూశాను. హెరాల్డు బాడీ బరువును మోసేవి చాసిస్ నుండి రెండు ప్రక్కలకూ చేతుల్లా చాచుకొన్న కమ్మీలు. వాటిని బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగిపోయాయి. ఆ బండిని ఇటుకల మీది నుండి దించితే నడుము విరిగి రెండవుతుంది. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అంతా అసలైనదే. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే అంతా పోయింది.

మూడవది ఎక్కడ దొరికిందో చెబితే నమ్మరు, సున్నిపెంటలోనే! దోర్నాల ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళి, సగం ఖాళీ అయిన క్వార్టర్ల మధ్య షెడ్డు నడుపుకొంటున్న ఒక వృద్ధ మెకానిక్‌ను కలిశాను. ప్రాజెక్టు వర్క్‌షాపులో చేరి పని నేర్చుకున్న మనిషి. షెడ్డు వెనుక టార్పాలిన్ క్రింద ఉన్నది ఆ లేత నీలం హెరాల్డే. రంగు మాత్రం ఇప్పుడు ఎరుపు. ఇంజనీరుగారు బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఒక కాంట్రాక్టరుకు అమ్మారట. ఆ కాంట్రాక్టరు కూడా పోయి చాలాకాలమైంది.

"సార్, కమ్మీలు ఎప్పుడో పోయినాయి. ప్రాజెక్టు తుక్కులో యాంగ్లర్లు వేలం పాడి తెచ్చి వెల్డింగ్ చేసినాను. ఎనకాల ఇరుసు ఘాట్ మలుపుల్లో చక్రాన్ని లోపలికి ముడిచేస్తాండె. అది తీసేసి గెజెల్ బండిది వేసినాను. ఇంజను మాత్రం అదే, నాలుగుసార్లు బోర్ కొట్టినాం," అన్నాడాయన.

వెనుక ఇరుసు సంగతి ఆయన ఊరికే అనలేదు. హెరాల్డు వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగే ఏర్పాటు ఇంగ్లండులోనే విమర్శకు గురైంది. మన రోడ్ల మీద అది మరీ ఇబ్బంది పెట్టడంతో, 1970లలో హెరాల్డు స్థానంలో వచ్చిన గెజెల్‌కు స్టాండర్డ్ కంపెనీ దృఢమైన ఇరుసే వేసింది. కంపెనీ చేసిన దిద్దుబాటునే నల్లమలలో ఒక మెకానిక్ తన చేతులతో చేశాడన్నమాట. బండి ఎక్కి పాతాళగంగ మలుపు దాకా పోయి వచ్చాము. ఎక్కడా తడబడలేదు.

ఇక కొనడమే తరువాయి అనుకుంటుండగా చట్టం గుర్తుకు వచ్చింది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమాలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటిన బండ్లకు వి.ఎ. అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. మంచి ఆలోచనే. అయితే ఒక షరతు ఉంది: బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఆ లెక్కన యాంగ్లర్లు వెల్డింగ్ చేసిన సున్నిపెంట బండి పనికిరాదు. రేపో మాపో కూలిపోయే ఆళ్ళగడ్డ బండి పనికివస్తుంది!

తిరుగు ప్రయాణంలో నాకు కూడవెల్లి సంగమేశ్వరాలయం జ్ఞాపకం వచ్చింది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట బాదామి చాళుక్యుల కాలంలో వెలసిన ఆ గుడి, మా శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోవలసినది. దాన్ని రాయి రాయిగా విప్పి, తీసుకువెళ్ళి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఈనాడు అలంపురం వెళ్ళినవాళ్ళెవరూ అది అసలు గుడి కాదని అనరు. విప్పి మళ్ళీ కట్టడం ఆ గుడి చరిత్రలో ఒక అధ్యాయమైంది. ఆత్మకూరు వైపున ఉన్న మరో సంగమేశ్వరం ఉన్నచోటనే ఉండిపోయి, ఏడాదిలో ఎక్కువ కాలం నీటి అడుగున ఉంటుంది.

విడిభాగాలు దొరకని దేశంలో, కొత్తది కొనడానికి వీల్లేని కాలంలో, ఒక కారు అరవై ఏళ్ళు బ్రతకాలంటే మారక తప్పదు. మారనివి రాజుల షెడ్లలో మిగిలాయి, లేదా తుక్కయ్యాయి. మన దగ్గర ఆరోగ్యంగా ఉన్న పాత కారు దొరకకపోవడానికి అసలు కారణం బండ్లు లేకపోవడం ఒక్కటే కాదు. ఏది ఆరోగ్యమో చెప్పే కొలబద్ద వేరే దేశానిది కావడం కూడా. అతుకును మనం లోపంగానే చూస్తున్నాము. ఆ అతుకు వేసిన చేతి పేరు ఏ ఆర్.సి. పుస్తకంలోనూ ఉండదు.

బండి ఇంకా నాది కాలేదు. కాగితాలు కాంట్రాక్టరుగారి పేరనే ఉన్నాయి. వారసులు ముగ్గురిలో ఇద్దరు సంతకం చేశారు. మూడవవారు విదేశంలో ఉన్నారు. వి.ఎ. నంబరు నాకు అక్కరలేదు. మామూలు రిజిస్ట్రేషను పునరుద్ధరణకే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెడతాను. అది కూడా కుదరకపోవచ్చు.

అందుకని పోయినసారి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళాను. ఏ భాగం ఎప్పుడు మార్చాడో, దేని నుండి తెచ్చాడో, ఎందుకు మార్చాడో ఆ పెద్దాయన చెబుతూ ఉంటే ఒక పూటంతా వ్రాసుకున్నాను. పద్దెనిమిది పేజీలు వచ్చింది. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పానా మాత్రం తడిమి సరైన సైజుదే తీస్తాడు.