మడమ ఒప్పుకున్నంత దూరం

మంచం దిగి మొదటి అడుగు వేస్తాను. ఎడమ మడమ వెనక, చెప్పు పట్టీ తగిలే చోటికి రెండు మూడు వేళ్ల పైన, నరం పట్టేసి ఉంది. రెండో అడుగు, మూడో అడుగు. షాబాద్ బండల చల్లదనం అరికాలికి ఎక్కుతోంది. వంటింట్లో లైటు వేసి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టేసరికి ఆ బిగువు సగానికి దిగింది. పదికి లెక్క వేస్తే రెండు. నిన్న పొద్దున కూడా రెండే. అంటే ఇవాళ పరుగుంది.

డిసెంబరు చివరి వారం. అయిదున్నర అయింది. తార్నాక వీధులింకా చీకట్లోనే ఉన్నాయి. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. తెల్లారేసరికి 12, 13 డిగ్రీలకు దిగుతుంది. సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది. ఈ చలిలో పిక్క వదులు కావడానికి వేసవిలో కంటే ఎక్కువసేపు పడుతుంది. అందుకే నా పరుగు ఇంట్లోనే, మెట్ల దగ్గర మొదలవుతుంది.

అత్తమ్మ అప్పటికే స్నానం చేసి తయారైంది. ధనుర్మాసం. గుడిలో తిరుప్పావై మొదలయ్యేలోపు అక్కడ ఉండాలి. శాలువా కప్పుకుంటూ నా కాలి వైపు చూసింది.

"ఇయ్యాల ఉరుకుతవా బిడ్డా?"

"ఉరుకుత అత్తమ్మా. అంతా కలిపి పది నిమిషాలే."

"చెవులకు గుడ్డ కట్టుకో. గాలి సల్లగ కొడుతున్నది. కాలు నొస్తే ఆగు, సిగ్గుపడకు."

ఫిజియోథెరపిస్టు నాకిచ్చిన సలహాల సారం కూడా ఇదే.

మెట్ల మీదకు రండి. రెండో మెట్టు అంచున పాదాల ముందు భాగం మాత్రం ఆనించి నిలబడ్డాను. మడమలు గాల్లో ఉన్నాయి. ఒక చేయి గోడకు. కుడికాలితో పైకి లేచి, ఒంటి బరువునంతా ఎడమ కాలి మీదకు మార్చి, మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా మడమను మెట్టు కంటే కిందకు దించుతాను. పిక్క పొడుగునా సాగుతుంది. మడమ పైన సన్నటి మంట. మళ్లీ కుడికాలితో లేవడం, ఎడమ కాలితో దిగడం.

తలుపు కిర్రుమంది. మూడో తరగతి చదివే మా పాప దుప్పటి చుట్టుకుని వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. లెక్క తనది.

"పదిహేను ఒకట్ల పదిహేను."

ఊపిరి తీసుకుంటాను. మళ్లీ.

"పదిహేను రెండ్లు ముప్పై. మమ్మీ, మోకాలు వంచకు, వంచే వంతు ఇంకా రాలే."

"సరే తల్లీ."

"పదిహేను మూళ్లు నలభై అయిదు."

మోకాలు నిటారుగా ఉంచి మూడు పదిహేన్లు, వంచి మూడు పదిహేన్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పదిహేను పన్నెండ్లు నూటఎనభై. రోజూ ఇంతే, పన్నెండు వారాలు. స్వీడన్‌కు చెందిన ఎముకల డాక్టరు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ఈ పద్ధతిని ప్రచురించాడు. అంతకుముందు ఆయనకే ఈ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదు. నొప్పి బాగా ముదిరితేనైనా ఒప్పుకుంటారని మడమను మెట్టు కిందకు దించుతూ పోయాడు. ముదరాల్సిన నొప్పి తగ్గిపోయింది. పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే అకిలీస్ టెండన్ శరీరంలోకెల్లా మందమైనది. పరుగులో ఒక్కో అడుగుకు మన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది. దెబ్బతిన్నాక దాన్ని పూర్తిగా కూర్చోబెడితే నొప్పి తగ్గుతుంది కానీ మోసే శక్తి తిరిగి రాదు. ఆ శక్తి మోస్తేనే వస్తుంది, కొంచెం కొంచెంగా.

నాకిది వానాకాలంలో పట్టుకుంది, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు తయారవుతున్నప్పుడు. బతుకమ్మ నాటికి చుట్టూ తిరిగి ఆడడానికి కూడా మడమ ఒప్పుకోలేదు. చప్పట్లు కొడుతూ పక్కన నిలబడ్డాను. దసరా పోయింది, దీపావళి పోయింది. ఇప్పుడు చలికాలం నా చేతికి పరుగును చిటికెడు చిటికెడుగా తిరిగి ఇస్తోంది.

వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. మా ఆయన డబ్బాల్లోకి పులిహోర సర్దుతున్నాడు. నా పరుగు రోజున డబ్బాలూ, పాప జడా ఆయన పని. మిగతా రోజుల్లో నాది. నల్లా వచ్చే రోజు మాత్రం ఎవరం బయటకు పోము, సంపు నిండాలి, బట్టలు తడపాలి.

"నువ్వు పో, నేను చూసుకుంట," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"డాడీ, జడ గట్టిగ వెయ్యాలె," అంది పాప.

ఆరూ నలభైకి గేటు దాటుతాను. ఇంకా ముందే పోవచ్చు కదా అనిపిస్తుంది. చలికాలపు రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి బరువెక్కి, పైన వెచ్చటి పొర మూతలా పడుతుంది. బండ్ల పొగా, చెత్త తగలబెట్టిన పొగా కిందే నిలిచిపోతాయి. పొద్దు పొడిచి నేల వేడెక్కితే ఆ మూత తెరుచుకుంటుంది. వెలుతురు వచ్చాక బయలుదేరితే ఊపిరితిత్తులకూ మేలు, ఒంటరిగా పోయే ఆడమనిషికీ మేలు. మా ఇంట్లో ఇంకో మేలు కూడా ఉంది. అప్పటికి పాప లేచి పళ్లు తోముకుని ఉంటుంది.

ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వచ్చాం. ఒక్కసారిగా హారన్లు వెనకబడ్డాయి. చెట్ల కింద గాలి ఇంకా చల్లగా ఉంది, తడి ఆకు వాసన. చీరల మీద స్వెటర్లు, కాళ్లకు స్పోర్ట్స్ షూస్ వేసుకున్న నలుగురు ఆడవాళ్లు దారంతా పరుచుకుని మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. మంకీ క్యాప్ పెద్దమనిషి చేతులు గట్టిగా ఊపుతూ ఎదురొస్తున్నాడు. పొదల వెనక ఎక్కడో నెమలి అరిచింది. మొదటి పది నిమిషాలు నేను కూడా నడకే. వేళ్లకు వెచ్చదనం వస్తోంది. మడమలో బిగువు రెండు నుంచి ఒకటికి దిగింది.

ఇప్పుడు.

కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. అడుగులు చిన్నవిగా, దగ్గర దగ్గరగా. ఒంటి కిందే పాదం పడాలి, ముందుకు చాచకూడదు. చల్లగాలి ముక్కులోంచి గొంతు దాకా కోసుకుంటూ దిగుతోంది. చెవులకు కట్టుకున్న స్కార్ఫ్ లోపల నా ఊపిరి నాకే వినిపిస్తోంది. గుండె వేగం అందుకుంది. ఒళ్లంతా ఇదే కావాలని అడుగుతోంది. ఆ నిమిషంలో నేను ఎవరికీ అమ్మను కాను, కోడలిని కాను, ఆఫీసులో ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. అంతలో వాచీ మోగింది. నిమిషం అయిపోయింది. నడవాలి, రెండు నిమిషాలు.

ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇట్లా అరగంట. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే ఆ దశాబ్దంలోనే మామూలు జనానికి ఇట్లా నడక కలిపిన పరుగు నేర్పడం మొదలుపెట్టాడు. కాలు అలిసిపోకముందే నడవడం ఇందులో కిటుకు.

వెనక నుంచి దడదడమని అడుగులు.

"సైడ్ అక్కా!"

పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లలు. ఈ క్యాంపస్‌లో చలికాలం పొద్దులు వీళ్లవే. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలన్నారు. ముందున్న పిల్లవాడి చేతిలో ఫోను, దాని మీద స్టాప్‌వాచ్. ఊళ్లో అమ్మానాన్నల ఆశ, హాస్టల్ ఫీజు, వయసు పరిమితి అన్నీ ఆ సెకన్లలోనే ఉన్నాయి. వాళ్లు నన్ను దాటిపోతుంటే నా కాళ్లు వాటంతటవే వేగం పెంచబోయాయి. ఇప్పుడు మీరు నా ఒంట్లో ఉంటే తెలుస్తుంది, పోగలను. ఊపిరి సరిపోతుంది. గుండెకూ రక్తానికీ పాత దమ్ము కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది. టెండన్‌కు రక్తప్రసారం తక్కువ, అది బలపడడానికి నెలలు పడుతుంది. తిరిగి పరుగు మొదలుపెట్టిన వాళ్లకు అసలు ప్రమాదం ఈ తేడాలోనే ఉంది. ఊపిరి సరేనంటుంది, మడమ ఇంకా ఒప్పుకోదు. ఇద్దరిలో నిదానంగా కోలుకునేవాళ్ల మాటే నెగ్గాలి. నడకలోనే ఉన్నాను.

ఆర్ట్స్ కాలేజీ ముందుకు వచ్చేసరికి పొద్దు పైకెక్కింది. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు గ్రానైటు భవనం మీద ఎండ పై అంతస్తు నుంచి కిందకు దిగుతోంది. మెట్ల మీద ఒక అమ్మాయి షూ విప్పి కాలి ముందు ఎముక రుద్దుకుంటోంది. ఇందాకటి గుంపులో పిల్లే.

"అక్కా, మీకు కూడ కాలు నొప్పా? నాకు ఈడ నొస్తున్నది. ఉరుకుతుంటే అదే పోతదా?"

పక్కన కూర్చుని ఎముక పొడుగునా వేలితో నొక్కి చూడమన్నాను. జానెడు మేర అంతటా సలుపుతోంటే కొన్నాళ్లు దూరం తగ్గించి, మెత్తటి మట్టి దారిలో పరిగెత్తి చూడొచ్చు. రూపాయి బిళ్లంత ఒక్కచోటే వేలు పెట్టనివ్వకపోతే, రాత్రి పడుకున్నా నొస్తే, అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి. ఆ పిల్ల నొక్కి చూసుకుంది. అంతటా ఉందంది. "ఎల్లుండి దాకా ఆగుత," అని లేచింది. ఆగమని చెప్పడం నాకు తేలిక. ఆ పిల్లకు ఆగడం ఎంత కష్టమో ఆ ముఖంలో కనిపించింది.

ఇంటి దారిలో మళ్లీ పరుగు, మళ్లీ నడక. చివరి విడతల్లో మడమ మాట్లాడడం మొదలుపెట్టింది. పదికి మూడు. నాలుగేళ్లో అయిదేళ్లో నొప్పి లేని పరుగు తర్వాత ఇట్లా నొప్పితో పరిగెత్తడం భయంగానే ఉంటుంది. దానికి స్వీడన్‌లోనే కరిన్ సిల్బర్‌నాగెల్ అనే ఫిజియోథెరపిస్టు వాళ్ల పరిశోధనలో వాడిన కొలత ఉంది. పరిగెత్తేటప్పుడు నొప్పి పదికి అయిదు దాకా ఉండొచ్చు. మర్నాడు పొద్దున్నకి మామూలు స్థాయికి దిగాలి. వారం వారం పెరగకూడదు. ఈ మూడు గీతల లోపల ఉన్నంతవరకు టెండన్‌కు హాని లేదు. భయానికి ఒక అంకె దొరికితే దానితో కలిసి పరిగెత్తవచ్చు.

వాచీ చివరిసారి మోగింది. ఇంకో విడత పరిగెత్తాలని ఒళ్లు కొట్టుకుపోతోంది. చెమట పట్టిన వీపు మీద చలిగాలి హాయిగా ఉంది. ఆపేశాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి స్కూల్ ఆటో వచ్చేసింది. ఒక జడ గట్టిగా, ఇంకోటి కొంచెం కిందకు. ఒక షూ దొరకలేదు. మంచం కింద ఉంది. అత్తమ్మ గుడి నుంచి తెచ్చిన పొంగలి పాప నోట్లో పెట్టి, నా నోట్లోనూ పెట్టింది. వెచ్చగా, మిరియాల ఘాటుతో.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మెట్ల దగ్గర రెండో విడత దించుడు అయింది. ఇప్పుడు హాల్లో తెల్లబట్ట పరిచి ఉంది. సంక్రాంతి ఇంకా దూరమే అయినా అత్తమ్మ చుట్టాలకు పంపే సకినాలు మొదలుపెట్టింది. కొత్తబియ్యం పిండి, నువ్వులు, వాము. పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. వేళ్ల మధ్య పిండి మెలితిరుగుతూ చుట్టు మీద చుట్టు పడుతోంది. తొందరపడి లాగితే తెగుతుంది. నా మడమ కూడా అంతే. పరుగు తర్వాత మొదటి ఒకటిన్నర రోజు టెండన్‌లో కొలాజెన్ కొత్తగా పుట్టేదానికంటే తరిగేదే ఎక్కువ. ఆ తర్వాతే కూడిక పైచేయి అవుతుంది. కాబట్టి రేపు ఉరికితే కట్టుకుంటున్నదాన్ని కూల్చుకున్నట్టే. రేపటి పొద్దు ఇంటిది. మా ఆయన షటిల్‌కు పోతాడు, డబ్బాలు నేను సర్దుతాను.

గాయం కావడానికి ముందు నేను రోజూ ఉరికేదాన్ని. ఆ రోజుల్లో పొద్దున్న పరుగుకూ ఇంటికీ మధ్య లాగులాట ఉండేది. ఇప్పుడు మడమ రోజు విడిచి రోజు అడుగుతోంది, ఇల్లూ అదే అడుగుతోంది. ఇద్దరికీ సరిపోయే లెక్క దొరికింది. పాపకు జ్వరం వచ్చి ఒక పరుగు పోతే ఆ రాత్రి బెంగపడను. టెండన్ ఆ ఒక్క రోజుకు బలహీనపడదు.

గోడ మీద కొత్త క్యాలెండర్ తగిలించి ఇద్దరం పెన్ను పట్టుకున్నాం. నల్లా రోజులు గుర్తుపెట్టాం, ఆయన షటిల్ రోజులు, నా పరుగు రోజులు. జనవరి అంతా ఇదే నిమిషం, ఇదే నడక. మడమ ఒప్పుకుంటే ఫిబ్రవరిలో రెండు నిమిషాలు.

"ఆగస్టుల ఏం రాయాలె?" అడిగాడు.

"పది కిలోమీటర్లు."

"మొత్తం ఉరకవా?"

ఉరకను. మారథాన్ మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో టెండన్ చెప్పాలి. వచ్చే ఏడాదికి పదే. ఇంట్లో ఎవరి పొద్దునూ లాక్కోకుండా, మడమకు బాకీ పడకుండా చేరుకునే ఆ పది కిలోమీటర్లు నాకు నలభై రెండు కంటే చిన్న దూరమేమీ కాదు.