వలయంలో ఊళ్ళు

జర్మన్‌లో గ్రామీణ జిల్లాను ‘లాండ్‌క్రైస్’ అంటారు. లాండ్ అంటే పల్లెసీమ, క్రైస్ అంటే వలయం. మన పోలీసు ‘సర్కిల్’లో ఉన్నదీ ఆ ఊహే. (మన ‘జిల్లా’కు మూలం మాత్రం ‘పక్కటెముక’ అనే అర్థమున్న అరబ్బీ మాట!)

జర్మనీలో ఎల్బె నది ఒడ్డునున్న ల్యూఖో-డానెన్‌బెర్గ్ లాండ్‌క్రైస్‌కు ఈ మాట మరీ అమరింది. అక్కడి పాత పల్లెల్లో ఇళ్ళు నడిమి ఖాళీస్థలం చుట్టూ, రచ్చబండ దగ్గర పెద్దల్లా, లోపలికి మొగం పెట్టి కూర్చుంటాయి. ఈ ఊళ్ళను ‘రుండ్‌లింగ్’ అంటారు. ప్రాంతం పేరేమో వెండ్‌లాండ్. అక్కడుండిన స్లావులను జర్మన్లు వెండులనేవారు. ఆ వెండుల పొలాబియన్ భాష 18వ శతాబ్దంలో అంతరించింది. 1725 ప్రాంతంలో యోహాన్ పారుమ్ షుల్ట్సె అనే రైతు దాని మాటలు కొన్ని రాసిపెట్టాడు. ఊరిపేర్ల చివర ‘ఓ’, ‘ఇట్స్’ మాత్రం ఇప్పటికీ స్లావులవే.